ఉండుటయు, కలిగియుండుటయు

పరభాషను నేర్చుకొనువారు పెద్ద మాటలను చూచి భయపడుదురు. చిన్న మాటలను లెక్కచేయరు. కాని ముప్పది యైదేండ్ల ఉపాధ్యాయ వృత్తిలో నేను గమనించిన దేమనగా, విద్యార్థిని పడవేయునది పెద్ద మాట కాదు, చిన్న మాటయే. పెద్ద మాట దారికి అడ్డముగా నున్న బండరాయి వంటిది. అది దూరము నుండియే కనబడును. మనము జాగ్రత్తపడి తప్పుకొని పోవుదుము. చిన్న మాట గులకరాయి వంటిది. కాలికి తగిలిన పిదప గాని అది కనబడదు.

ఇంగ్లీషు భాషలో అట్టి చిన్న మాటలలో ‘హ్యావ్’ అను క్రియ యొకటి. హ్యావ్, హ్యాజ్, హ్యాడ్, హ్యావింగ్ అని దాని రూపములు నాలుగే. ఆ భాషలో మొదటి వాచకమును తెరచిన నాటినుండియు మీరు దానిని చూచుచునే యున్నారు. ‘హ్యావ్ అనగా కలిగియుండుట’ అని మీకు చెప్పియుందురు. మీరును వ్రాసికొని యుందురు. ఆ అర్థము తప్పు కాదు, కాని అది చాలదు. చాలదను సంగతిని నాకు ఒక బాలుడు నేర్పెను. ముందుగా ఆ సంగతి చెప్పి, పిమ్మట నా అభిప్రాయమును మీ ముందుంచెదను.

నేను తెలుగు పండితుడనుగా ఉద్యోగమున చేరిన క్రొత్తలో, 1987వ సంవత్సరమున, ఒకనాడు మా ఇంగ్లీషు ఉపాధ్యాయులు సెలవులో నుండిరి. ప్రధానోపాధ్యాయులు నన్ను ఎనిమిదవ తరగతికి పంపిరి. మధ్యాహ్నపు విరామము ముగిసి పిల్లలు మరల తరగతిలో కూర్చుండిరి. అంతలో తనిఖీకై వచ్చిన అధికారి యొకరు లోనికి వచ్చిరి. ఆయన సౌమ్యులు. పిల్లల భయము పోగొట్టుటకై పాఠము అడుగక, ముందు వరుసలోని బాలుని చూచి చిరునవ్వుతో ‘హ్యావ్ యు హ్యాడ్ యువర్ లంచ్?’ అని ప్రశ్నించిరి. నీవు భోజనము చేసితివా యని దాని భావము.

బాలుడు లేచి నిలుచుండి, కొంచెము ఆలోచించి, ‘ఐ హ్యావ్ నో లంచ్, సర్’ అనెను.

తరగతి అంతయు గొల్లున నవ్వెను. అధికారి నా వైపు చూచిరి. నాకు సిగ్గు కలిగెను. వెంటనే నేను ‘అట్లు కాదు. ఐ హ్యావ్ నాట్ హ్యాడ్ మై లంచ్ అని చెప్పవలెను’ అని దిద్దితిని. బాలుడు తల వంచుకొని, నేను చెప్పిన వాక్యమును అక్షరము పొల్లుపోకుండ అప్పగించెను. అధికారి తల యూపి వెడలిపోయిరి. తప్పు దిద్దితినని నేను సంతోషించితిని.

సాయంకాలము బడి విడిచిన పిదప ఆ బాలుడు నూతి యొద్ద దోసిలి పట్టి కడుపునిండ నీరు త్రాగుచుండుట చూచితిని. దగ్గరకు పోయి, ‘మధ్యాహ్నం అన్నం తినలేదుట్రా?’ అని అడిగితిని.

‘తెచ్చుకోలేదు మాస్టారూ. ఇంట్లో గింజల్లేవండి’ అని వాడు మెల్లగా చెప్పెను.

ఆ రోజులలో మా బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనము పెట్టు ఏర్పాటు లేదు. వాని మాట విని నేను నిలువున నీరైపోతిని. వాడు తప్పు మాటాడలేదు. ‘నాకు అన్నము లేదు’ అను నిజమును సరియైన ఇంగ్లీషులోనే చెప్పెను. ‘నేనింకను అన్నము తినలేదు’ అని దానిని నేను దిద్దితిని. మొదటి వాక్యము లేమిని తెలుపును. రెండవది ఆలస్యమును మాత్రమే తెలుపును. వ్యాకరణము పేరిట నేను ఒక పసివాని ఆకలిని ఆలస్యముగా మార్చివేసితిని. నేనుగాని, నవ్విన పిల్లలుగాని వాడేమి చెప్పుచున్నాడో వినలేదు. ఎట్లు చెప్పుచున్నాడో మాత్రమే వింటిమి.

నాటినుండి నేను ఆ చిన్న క్రియను వదలక పట్టుకొంటిని. దానిని గూర్చి తెలిసికొన్న సంగతులలో కొన్ని మీకు చెప్పెదను.

క్రింది తెలుగు వాక్యములను చూడుడు. ‘నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు.’ ‘నా దగ్గర పది రూపాయలు ఉన్నవి.’ ‘ఈ గదికి రెండు కిటికీలు ఉన్నవి.’ ‘ఆమెకు ఓర్పు ఉన్నది.’ ‘వానికి జ్వరముగా ఉన్నది.’ ఇంగ్లీషువారు ఈ అయిదింటిని హ్యావ్ అను ఒక్క క్రియతోనే చెప్పుదురు. అన్నలను, రూపాయలను, కిటికీలను, ఓర్పును, జ్వరమును అన్నిటిని మనిషియో వస్తువో ‘కలిగియుండును’. తెలుగులో అట్లు కాదు. మన వాక్యములో కర్త మనిషి కాదు. అన్నలు ఉన్నారు, రూపాయలు ఉన్నవి, ఓర్పు ఉన్నది. ఎవరికి, ఎవరి దగ్గర, దేనికి అనునది విభక్తి తెలుపును. ఇంగ్లీషులో క్రియ చేయు పనిని తెలుగులో ‘కు’ ప్రత్యయమును, ‘దగ్గర’ అను మాటయు ‘ఉండు’ అను క్రియతో చేరి చేయుచున్నవి.

ఇందులో ఒక సొగసు కలదు. ‘వానికి డబ్బున్నది’ అనుటకును, ‘వాని దగ్గర డబ్బున్నది’ అనుటకును భేదమును గమనింపుడు. యజమాని సొమ్మును బ్యాంకులో కట్టుటకై సంచి పట్టుకొని పోవు గుమాస్తా దగ్గర డబ్బుండును. కాని గుమాస్తాకు డబ్బుండదు. ఈ భేదమును మనము ఒక్క చిన్న మాట మార్చి చూపుచున్నాము. ‘హి హ్యాజ్ మనీ’ అన్నంత మాత్రమున ఈ రెండింటిలో ఏది ఉద్దేశమో తేలదు. తేలవలెనన్న ఆ భాషలో మరియొక మాట చేర్చవలెను. అయినను ఇంగ్లీషును తక్కువ చేయరాదు. ‘పెరటిలో ఆవు ఉన్నది’ అన్నను, ‘మాకు ఆవు ఉన్నది’ అన్నను మనకు క్రియ యొక్కటే. ఇంగ్లీషులో మొదటిదానికి ‘దేర్ ఈజ్’ అనియు, రెండవదానికి ‘హ్యావ్’ అనియు వేరువేరుగా చెప్పుదురు. ఒక భాష ఒకచోట కలిపిన దానిని మరియొక భాష విడదీయును.

హ్యావ్ అను మాట పుట్టుక కూడ వినదగినది. ప్రాచీనమైన ఇంగ్లీషులో దాని రూపము ‘హబ్బన్’. జర్మను భాషలో నేటికిని ‘హాబెన్’ అందురు. పట్టుకొనుట అను అర్థము గల అతి ప్రాచీనమైన ధాతువు నుండి అది వచ్చినదని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. లాటినులో పట్టుకొనుట అను అర్థము గల ‘కపెరె’ దానికి చుట్టము. వింత యేమనగా, లాటినులోనే కలిగియుండుట అను అర్థముతో ‘హబేరె’ అను మరియొక క్రియ కలదు. రూపమును, అర్థమును చూచినచో హ్యావ్‌కు అదియే తోబుట్టువనిపించును. కాని ఆ రెండింటికి చుట్టరికము లేదు. రూపమును మాత్రమే చూచి చుట్టరికమును నిర్ణయింపరాదని దీనివలన తెలియుచున్నది.

‘మన భాషలో హ్యావ్ వంటి క్రియ లేదు గదా, ఇది లోటు కాదా?’ అని కొందరు అడుగుదురు. లోటు కాదు. తమిళ కన్నడములును మనవలెనే ‘నాకు ఉన్నది’ అనును. ఇవి యన్నియు ఒక కుటుంబపు భాషలని ఎల్లిసు దొర 1816లో చూపెను. కాని ఇది మన కుటుంబమునకే పరిమితమైన మర్యాద కాదు. ఇంగ్లీషునకు దూరపు బంధువైన సంస్కృతము ‘మమ’ అని షష్ఠితో చెప్పును. హిందీ ‘మేరే పాస్ హై’ అనును. రష్యను భాష ‘నా యొద్ద ఉన్నది’ అను పద్ధతిని పాటించును. లాటిను సైతము హబేరె యుండగానే, ‘నాకు ఉన్నది’ అను వాక్యమును కూడ వాడినది. కావున ‘ఉన్నది’ అనువారు లోకమున మనమొక్కరమే కాము.

దీనిని చూచి మరికొందరు వేరొక ప్రక్కకు మొగ్గుదురు. ‘తెలుగువాడు నేను కలిగియున్నాను అనడు, నాకున్నది అనును, కావున అతనికి ఆశ తక్కువ’ అని వారు గర్వింతురు. ఇది అతిశయోక్తి. ఆశ అన్ని భాషలలోను ఉన్నది. భాష వాక్యమునకు రూపమిచ్చును గాని మనుష్యునకు గుణమీయదు.

ఇక, కలిగియుండుట గాక హ్యావ్ చేయు ఇతర కార్యములను చూతము. నిత్యవ్యవహారములో ఇంగ్లీషువారు కాఫీ ‘హ్యావ్’ చేయుదురు, భోజనము ‘హ్యావ్’ చేయుదురు, స్నానము ‘హ్యావ్’ చేయుదురు. మనము త్రాగుదుము, తిందుము, స్నానమాడుదుము. ఇట్టిచోట్ల ‘కలిగియుండుట’ అను అర్థమును పట్టుకొని వ్రేలాడిన యెడల నవ్వులపాలగుదుము.

‘ఐ హ్యావ్ టు గో’ అనగా నేను పోవలసియున్నది. ‘ఐ హ్యావ్ రిటెన్ ద లెటర్’ అనగా నేను జాబు వ్రాసియున్నాను. ఈ రెండు తెలుగు వాక్యములలోను ఉన్న క్రియను గమనించితిరా? పోవలసి ‘ఉన్నది’, వ్రాసి ‘ఉన్నాను’. ఆస్తిని చెప్పుటకు ఇంగ్లీషు హ్యావ్‌ను వాడినచోట మనము ‘ఉండు’ను వాడితిమి. విధిని చెప్పుటకును, ముగిసిన పనిని చెప్పుటకును గూడ అదియే జరిగినది. ఇంగ్లీషునకు ‘కలిగియుండుట’ ఊతకఱ్ఱ. తెలుగునకు ‘ఉండుట’ ఊతకఱ్ఱ. ఈ ఒక్క సూత్రమును మనసున నిలుపుకొన్నచో సగము కష్టము తీరును.

ముగిసిన పనిని చెప్పుటకు కలిగియుండుట ఎట్లు సాయపడినదని మీకు సందేహము రావచ్చును. ఒకప్పుడు ఇంగ్లీషువారు ‘వ్రాయబడిన జాబును నేను కలిగియున్నాను’ అను భావముతో ఆ వాక్యమును పలుకుచుండిరి. జాబు వ్రాసి ముగించినవాని చేతిలోనే గదా వ్రాసిన జాబుండును! క్రమముగా చేతిలోని జాబు మరుగుపడి, ముగిసిన పని మాత్రము మిగిలినది. అధికారి అడిగిన ప్రశ్నలో ఈ క్రియ రెండుమారులు వచ్చినది. మొదటి ‘హ్యావ్’ పని ముగిసినదా యని అడుగు సహాయక క్రియ. రెండవదైన ‘హ్యాడ్’ తినుట. బాలుని సమాధానములోని ‘హ్యావ్’ ఈ రెండింటిలో ఏదియు కాదు. అది ‘ఉండుట’. మూడు పనులు చేయు ఒక్క క్రియ, మూడు మారులు ఒక్క నిమిషములో పలుకబడినది. నేను వానిని విడదీసి వినలేకపోతిని.

మరియొక ప్రయోగమున్నది. మనము మంగలి యొద్దకు పోయి జుట్టు ‘కత్తిరించుకొంటిని’ అందుము. దానిని ఇంగ్లీషులోనికి మార్చి ‘ఐ కట్ మై హెయిర్’ అని వ్రాసినవారిని నేను చాలమందిని చూచితిని. అది విన్న ఇంగ్లీషువాడు మీరే అద్దము ముందు కత్తెర పట్టుకొన్నారనుకొనును. ‘ఐ హ్యాడ్ మై హెయిర్ కట్’ అనవలెను. ఇల్లు కట్టించుట, బట్టలు కుట్టించుట, సున్నము వేయించుట మొదలైనచోట్ల మనము ధాతువునకు ‘ఇంచు’ చేర్చి సాధించు అర్థమును వారు హ్యావ్‌తో సాధింతురు. ఒకరికి ప్రత్యయము, మరియొకరికి క్రియ, ఫలము ఒక్కటే.

ఇప్పుడు మనవారు తరచుగా చేయు ఒక పొరపాటును చెప్పెదను. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అను వాక్యము మన దేశమున పలుచోట్ల వినబడును. వ్యాకరణ గ్రంథములు దీనిని ఒప్పుకొనవు. కలిగియుండుట ఒక స్థితి. అది జరుగుచున్న పని కాదు. కావున దానికి ‘ఇంగ్’ రూపము చెల్లదు. ‘ఐ యామ్ హ్యావింగ్ మై లంచ్’ అనుట మాత్రము సరియైనదే. అచ్చట హ్యావ్ అనగా తినుట, అది జరుగుచున్న పనియే. మనవారు ఈ పొరపాటు ఎందుకు చేయుదురు? నాకు తోచినది ఇది. ‘తినుచున్నాను’, ‘పోవుచున్నాను’ అను మాటల చివర ‘ఉన్నాను’ దాగియున్నది. ఆ ‘ఉన్న’కు ఇంగ్లీషులో ‘ఇంగ్’ను జోడించుటకు మన పిల్లలు అలవాటు పడిరి. ‘ఇద్దరన్నలు ఉన్నారు’ అన్నప్పుడు కూడ అదే అలవాటున ‘హ్యావింగ్’ అనుచున్నారు. అనగా ఈ తప్పు తెలివితక్కువతనము వలన వచ్చినది కాదు; తల్లిభాష చేతిని పట్టుకొని నడచుట వలన వచ్చినది. దానిని దిద్దవలెను గాని దానిని చూచి నవ్వరాదు.

ఇంగ్లీషు వాక్యము తప్పినచో నవ్వువారు అనేకులు. తెలుగు వాక్యము తప్పినచో మాత్రము ఎవరును నవ్వరు; గమనింపనైన గమనింపరు. నా బాధ యంతయు ఇచ్చటనే. ‘ఈ గ్రామం రెండు చెరువులను కలిగి ఉంది’, ‘రోగి జ్వరాన్ని కలిగి ఉన్నాడు’, ‘మీరు ఒక కొత్త సందేశాన్ని కలిగి ఉన్నారు’ — ఇట్టి వాక్యములు నేడు ప్రకటనలలోను, అనువాదములలోను, మన చేతిలోని సెల్‌ఫోను మీదను కనబడుచున్నవి. ఏ అవ్వయైన ‘నేను మోకాలి నొప్పిని కలిగి ఉన్నాను’ అని వైద్యునితో చెప్పునా? ‘నాకు మోకాలు నొప్పిగా ఉంది బాబూ’ అనును. చదువురాని అవ్వ తెలుగు నిర్దోషముగా నుండగా, చదివినవారి తెలుగు ఇట్లేల కావలెను? ‘కలిగి’ అను మాట మనది కాదని నేననను. సంతోషము కలిగెను, సందేహము కలిగెను అందుము. ‘గుణములు కలిగినవాడు’ అందుము. కాని హ్యావ్ కనబడినచోటనెల్ల ‘కలిగి ఉంది’ అని అంటించుట, ఇతరుల చొక్కాను కొలత చూడక తొడిగికొనుట వంటిది.

ఒక విశేషమును గమనింపుడు. నేటి వ్యవహారములో ఇంగ్లీషు క్రియలు చాల తెలుగులో చేరినవి. ట్రై చేసెదమందురు, ఫీలయితిమందురు, మిస్సయితిమందురు. కాని ‘రెండు ఇళ్ళు హ్యావ్ చేసితిని’ అని ఎవరును అనరు. జనుల నోట మాత్రము ‘ఉన్నది’ చెక్కుచెదరక నిలిచినది. వాడుకలో నిలిచిన దానిని వ్రాతలో మనమేల పోగొట్టుకొనవలెను?

నా అభిప్రాయము స్పష్టము. పరభాషలోని క్రియను ఒక్క తెలుగు మాటకు ఒక్క ఇంగ్లీషు మాటగా కంఠస్థము చేయింపరాదు. వాక్యమును వాక్యముగా చూపవలెను. ‘ఇట్టి సందర్భమున వారేమందురు? మనమేమందుము?’ అని ప్రక్కప్రక్కన పెట్టి నేర్పవలెను. ‘తెలుగును తలపక నేరుగా ఇంగ్లీషులోనే ఆలోచింపనిండు’ అని కొందరు పెద్దలు చెప్పుదురు. ఇంటిలో ఇంగ్లీషు వినబడు పిల్లలకు అది సాధ్యము కావచ్చును. వినబడని పిల్లలు తల్లిభాషను తలపక మానరు. తలపకూడదని కట్టడి చేసినచో దానిని చాటుగా తలచి తప్పులు చేయుదురు. బాహాటముగా పోల్చి చూచుటయే మేలు. అట్లు పోల్చినవానికి రెండు భాషలును శుద్ధముగా వచ్చును.

ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. తెలుగులో సంపదను ‘కలిమి’ అందుము. పేదరికమును ‘లేమి’ అందుము. ధనవంతుడు ఉన్నవాడు, పేద లేనివాడు. ఇంగ్లీషువారు గూడ ఈ రెండు వర్గములను హ్యావ్ అను క్రియతోనే ‘హ్యావ్స్’, ‘హ్యావ్ నాట్స్’ అని పేర్కొందురు. కలిమిలేములు కావడికుండలని మన సామెత. ఉండుటయు లేకుండుటయు ఏ భాషలోనైనను మనుష్యుని బ్రదుకునకు సంబంధించిన మాటలు. వ్యాకరణమునకు మాత్రమే సంబంధించినవి కావు. ఎవరైన ‘నాకు లేదు’ అన్నప్పుడు, వాక్యము సరిగా నున్నదా యని చూచుటకు ముందు, వారికి లేనిదేమో వినవలెను.

ఆనాటి సాయంకాలము నేను ఆ బాలుని మా యింటికి తోడ్కొనిపోయి అన్నము పెట్టించితిని. మరునాడు తరగతిలో నిలుచుండి, ‘నిన్న వీడు చెప్పిన ఇంగ్లీషు వాక్యము సరియైనది. నేను దిద్దినదే తప్పు’ అని చెప్పితిని. ఎట్లు సరియైనదని పిల్లలడిగిరి. హ్యావ్ అను క్రియకు అర్థములనేకములని చెప్పితిని గాని, వాని యింటి సంగతి చెప్పలేదు. ఆ బాలుడు తల యెత్తి నా వైపు చూచి, మరల పుస్తకము తెరచెను.